పదకొండు మూలికల పొట్లం: నెల్లూరు బజారులో ఒక మూలికల అంగడిపై సమీక్ష

మా అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల. తొలి కాన్పు కాబట్టి ఆనవాయితీ ప్రకారం ఏడో నెలలో సీమంతం చేసి తీసుకొద్దామనుకున్నాము గాని, అల్లుడు ఉద్యోగరీత్యా కొన్ని నెలలు చెన్నైలో ఉండవలసి రావడంతో ముందుగానే నెల్లూరు వచ్చేసింది. వచ్చేటప్పుడు కనిగిరిలో ఉన్న మా వియ్యపురాలు దాని చేతికి ఒక చీటీ ఇచ్చి పంపారు. అందులో శొంఠి, వాము, మెంతులు, అతిమధురం, కరక్కాయ పెచ్చులు, శతావరి వేరు, అశ్వగంధ, గలిజేరు వేరు, కుంకుమపువ్వు, వంటాముదం అని పది వస్తువులు వరుసగా రాసి, చివర కాస్త పెద్ద అక్షరాలతో "గర్భిణుల పొడి, ఒక పొట్లం" అని రాశారు. ఆ పొడి నెల్లూరు బజారులో ఫలానా అంగడిలోనే దొరుకుతుందని, తమ పెద్దకోడలికి కూడా అక్కడి నుంచే తెప్పించామని ఫోనులో చెప్పారు. ఈ సమీక్ష ఆ అంగడి గురించి, అందులోనూ ముఖ్యంగా ఆ పొట్లం గురించి.

నేను ఇరవై రెండేళ్ళుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఏ మందు చేతికి వచ్చినా వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదవడం నాకు అలవాటైపోయింది. ఇంట్లో వాళ్ళకు అది విసుగు పుట్టించే అలవాటు కూడా. అంతమాత్రాన మూలికలంటే నాకు చిన్నచూపు లేదు. మా తమ్ముడు పుట్టినప్పుడు అమ్మ కోసం అమ్మమ్మ చేసిన బాలింత కాయంలో గోలీకాయంత ముద్ద నాకూ పెట్టేవారు, ఆ ఘాటు నాకింకా గుర్తుంది. ఉదయగిరి కొండల నుంచి, గిద్దలూరు వైపు నల్లమల నుంచి వచ్చే వేర్లు, బెరళ్ళు మా ప్రాంతపు బజార్లలో తరతరాలుగా అమ్ముడవుతున్నాయి. ఇక్కడి వారికి ఆకు మందు మీద ఉన్న నమ్మకం ఎంతటిదో 2021 మే నెలలో కరోనాకు ఆనందయ్య ఇచ్చే మందు కోసం కృష్ణపట్నం దారి పట్టిన జనాన్ని చూసినవారికి వేరే చెప్పనక్కర లేదు. అప్పుడు కూడా ప్రభుత్వం కంటి చుక్కలను పక్కన పెట్టి మింగే మందులకే అనుమతి ఇచ్చింది. మింగే మందుకూ కంట్లో వేసే మందుకూ ఒకే కొలత పనికిరాదని అందరూ ఒప్పుకున్నట్టే కదా. కడుపులో ఇంకో ప్రాణం ఉన్న మనిషి మింగే మందుకు ఆ కొలత మరింత బిగువుగా ఉండాలన్నది నా పట్టుదల.

సరుకు విషయంలో ఈ అంగడికి వంక పెట్టడం కష్టం. వీధి వైపు గోనె సంచుల్లో ధనియాలు, కుంకుడుకాయలు, శీకాయ ఉంటాయి. లోపల గోడ పొడవునా చిన్న చిన్న చెక్క సొరుగులు, ఒక్కొక్క దాని మీద నల్ల సిరాతో పేరు. వాము అరచేతిలో వేసుకుని నలిపితే ముక్కు అదిరింది, అంటే కొత్త సరుకు. శొంఠి కొమ్ములకు తెల్లగా కనబడడానికి వేసే సున్నపు పూత లేదు, పురుగు లేదు. తూకం మన కళ్ళ ముందే, ఖాళీ గిన్నె బరువు తీసేసి తూస్తారు. ధరలు సూపర్ మార్కెట్టు కంటే తక్కువే. బిల్లు మాత్రం అడిగితేనే ఇస్తారు, అదీ తెల్ల కాగితం మీద మొత్తం అంకె ఒక్కటే.

చీటీని అంగడి యజమాని చేతికి ఇస్తే ఆయన చదివి, ఏ ప్రశ్నా వేయకుండా, లోపలికి కేకేసి ఒక్కొక్క పేరూ చెప్పడం మొదలుపెట్టారు. పొట్లాలు కట్టే పెద్దాయన, అరవై దాటిన మనిషి, కరక్కాయ దగ్గర ఆగారు. "ఎవరికమ్మా ఇవి, పాపకు ఎన్నో నెల?" అని అడిగారు. ఐదో నెల అన్నాను. "అయితే కరక్కాయ వద్దులేమ్మా, కాన్పయినాక చూసుకుందురు గాని" అంటూ దోసిట్లో ఉన్న పెచ్చులను తిరిగి సొరుగులో పోసేశారు. యజమాని ముఖం చిట్లించుకున్నారు. గర్భిణుల మందుల విషయంలో ఈ అంగడికి నేను వేసే ఒకే ఒక్క మార్కు ఆ పెద్దాయన వేసిన ఆ ప్రశ్నకే.

ఆయన చెప్పింది గాలిమాట కాదు. కరక్కాయను అంతగా పొగిడిన భావప్రకాశమే దాన్ని తినకూడనివారి వరుసలో చిక్కిపోయినవారిని, ఉపవాసాలతో నీరసించినవారిని, గర్భవతిని చేర్చింది. చరక సంహిత శారీర స్థానమైతే గర్భిణిని అంచుల దాకా నూనె నింపిన పాత్రను మోసినట్టు, తొణకకుండా చూసుకోవాలని చెబుతుంది. ఆమెకు జబ్బు చేస్తే మృదువుగా, తియ్యగా, చల్లగా ఉండే మందులతోనే వైద్యం చేయాలని, వాంతులు, విరేచనాలు చేయించే చికిత్సలు పెట్టుకోవద్దని హెచ్చరిస్తుంది. మూలికలను వెనకేసుకొచ్చేవారు, కొట్టిపారేసేవారు ఇద్దరూ ఈ సంగతి మరిచిపోతుంటారు. ఏది ఎవరికి పెట్టకూడదో మన వైద్యం ఏనాడో రాసి పెట్టుకుంది. ఆ వైద్యం నుంచి వస్తువులన్నీ అంగడి దాకా వచ్చాయి గాని, వాటితో పాటు రావలసిన నిషేధాలు రాలేదు. ఒకప్పుడు ఆ నిషేధాలు వైద్యుడి నోట్లోనో, మంత్రసాని నోట్లోనో ఉండేవి. ఇప్పుడు పొట్లం కట్టే మనిషి జ్ఞాపకంలో మిగిలినంత మేరకే ఉన్నాయి. కరక్కాయ విషయంలో నేటి లెక్క ఒకటి కూడా ఉంది. దానిలో వగరుకు కారణమైన టానిన్లు ఎక్కువ, అవి ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నాలుగో నెల నుంచి రోజూ 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న ఎర్ర మాత్ర వేసుకుంటున్న పిల్లకు పక్కనే కరక్కాయ పొడి పెట్టడమంటే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమే.

శొంఠి, వాము, మెంతుల దగ్గర నేను పేచీ పెట్టలేదు. వేవిళ్ళకు అల్లం పనిచేస్తుందని గర్భిణుల మీదే జరిగిన పరీక్షలు చెబుతున్నాయి; వాటిలో ఎక్కువగా వాడిన మోతాదు రోజు మొత్తానికి గ్రాము శొంఠి పొడి, దాన్ని నాలుగు భాగాలు చేసి ఇచ్చారు. గ్రాము అంటే చెంచా నిండా కూడా రాదు. మెంతులు పోపులోనూ పులుసులోనూ ఎప్పటిలాగే వేసుకోవచ్చు. అదే మెంతిపొడిని చెంచాల కొద్దీ తీసుకుంటే రక్తంలో చక్కెర తగ్గుతుంది, నెలలు నిండే రోజుల్లో అయితే మరో తమాషా ఉంది: పుట్టిన బిడ్డ ఒంటికీ మూత్రానికీ తియ్యటి పాకం వాసన వచ్చి, అరుదైన జన్యు వ్యాధి ఏదో ఉందేమోనని డాక్టర్లు కంగారుపడిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వంటింటి చిటికెడు వేరు, మందు చెంచా వేరు. అంగడిలో రెండూ ఒకే సొరుగులోంచి వస్తాయి కాబట్టి ఆ తేడా ఎంత పెద్దదో మనకు కనబడదు.

అతిమధురం దగ్గర కొంచెం సేపు ఆగాను. పెద్దాయన తీసిన వేరు ముక్కను విరిచి చూశాను. లోపల పసుపుపచ్చగా, పీచుపీచుగా ఉంది, నాలుకకు తాకించగానే తీపి. అసలైనదే. ఇలా విరిచి చూడడానికి కారణం ఉంది. గురివింద తీగ వేరు కూడా కొంచెం తియ్యగా ఉంటుంది, అతిమధురానికి బదులుగా దాన్ని కలిపి అమ్మడం కొత్తేమీ కాదు. గురివింద గింజ ఎంతటి విషమో పల్లెల్లో అందరికీ తెలుసు. వేరు ముక్కగా ఉన్నప్పుడు విరిచి చూడవచ్చు, పొడి చేసి పొట్లంలో పోశాక నాబోటి వాళ్ళకే కాదు, ఎవరికీ తెలియదు.

అసలైన అతిమధురమే అయినా నేను కొనలేదు. దానిలో తీపినిచ్చే గ్లిసిరైజిన్ రక్తపోటును పెంచుతుంది, పొటాషియాన్ని తగ్గిస్తుంది. ఫిన్లాండులో అతిమధురంతో చేసిన మిఠాయిలు తినే అలవాటు ఎక్కువ. గర్భంతో ఉండగా వారానికి 500 మిల్లీగ్రాములకు పైగా ఈ పదార్థం తీసుకున్న తల్లుల పిల్లలు ఎనిమిదేళ్ళ వయసులో తెలివితేటల పరీక్షల్లో మిగతా పిల్లల కంటే వెనకబడ్డారని అక్కడి పరిశోధకులు 2009లో ప్రచురించారు. వేరులో ఆ పదార్థం నూటికి ఐదు పాళ్ళే ఉందనుకున్నా, పది గ్రాముల పొడితో ఆ వారం కొలత నిండిపోతుంది. దగ్గు వచ్చినప్పుడు ఒక చిన్న ముక్క బుగ్గన పెట్టుకుంటే కొంపలు మునగవు గాని, రోజూ పాలలో కలుపుకుని తాగేది కాదు.

అశ్వగంధను నేనే వద్దన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ మూలికల మీద వెలువరించిన వివరణల్లో దీన్ని గర్భిణులు వాడరాదని స్పష్టంగా ఉంది. డెన్మార్కు 2023లో దీన్ని ఆహార పదార్థాల్లో వాడకూడదని నిషేధించింది. పైగా మా అమ్మాయి థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది, అశ్వగంధ ఆ హార్మోన్లను కూడా కదిలిస్తుంది. "బలానికమ్మా, అందరూ తీసుకుపోతారు" అని యజమాని రెండుసార్లు అన్నారు. శతావరి మీద నాకు అంత గట్టి అభ్యంతరం లేదు. ఆయుర్వేద వైద్యులు గర్భిణులకు, బాలింతలకు దాన్ని ఎప్పటి నుంచో ఇస్తున్నారు. అయితే ఆ వేరు సారం ఇచ్చిన ఎలుకల్లో పిండాలకు హాని కలిగిందని 2006లో మన దేశంలోనే ఒక పరిశోధన వచ్చింది. ఎలుకలకు ఇచ్చిన సారం, మనం పాలలో కలిపే పొడి ఒకటి కావు గాని, మనుషుల్లో జరిగిన పరిశీలనలు చాలా తక్కువ. చూసే వైద్యుడు ఉండి, ఆయన చేతి మీదుగా వస్తే సరే. చీటీ మీద రాస్తే కొనేది కాదని దాన్నీ వదిలేశాను.

గలిజేరు సంగతి వేరు. గలిజేరాకు పప్పు మా ఇంట్లో అందరికీ ఇష్టమే, దానితో ఏ గొడవా లేదు. వియ్యపురాలు రాసింది మాత్రం దాని వేరును, కాళ్ళ వాపుకు కషాయం కాచి తాగించమని. ఐదో నెల దాటాక కాళ్ళు వాయడం మామూలే. కాని అదే వాపు ముఖానికీ చేతులకూ పాకి, రక్తపోటు 140/90కి చేరి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే అది తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం తెచ్చే గుర్రపువాతానికి (గర్భిణులకు వచ్చే మూర్ఛలకు) ముందు దశ. అటువంటప్పుడు కషాయం చేసే కీడు దానిలోని పదార్థం వల్ల కంటే అది తినేసే రోజుల వల్ల ఎక్కువ. వాపు కాస్త తగ్గినట్టు కనబడితే ఇంకో వారం చూద్దామంటారు, ఆ వారంలో మూర్ఛ రావచ్చు. కాబట్టి వేరుకు బదులు బీపీ చూసే మిషన్ కొన్నాను, అది ఈ అంగడిలో కాదు.

ఇక పొట్లం. 200 గ్రాములు, ధర 320 రూపాయలు. పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు, పైన మడిచి రెండు పిన్నులు కొట్టారు, లోపల పొడితో పాటే ఒక గులాబీ రంగు కాగితం. దాని మీద వెన్న తింటున్న బాలకృష్ణుడి బొమ్మ. "11 రకాల వనమూలికలతో తయారైనది", "మొదటి నెల నుంచి తొమ్మిదో నెల వరకు", "పూర్తిగా సహజం, ఎలాంటి సైడ్ ఎఫెక్టులు లేవు", "రెండు పూటలా ఒక చెంచా గోరువెచ్చని పాలతో" అన్న నాలుగు వాక్యాలు, ఒక ఫోను నంబరు, అంతే. పిన్ను దగ్గర పొడి కొద్దిగా కారి కాగితం అంచు పచ్చబడింది. తయారీ తేదీ లేదు, గడువు లేదు, బ్యాచ్ నంబరు లేదు, లైసెన్సు నంబరు లేదు, ఆ పదకొండింటిలో ఒక్క దాని పేరూ లేదు.

ఇది చాదస్తం కాదు, చట్టం. 1940 నాటి ఔషధాల చట్టం, 1945లో దాని కింద వచ్చిన నిబంధనలు ఆయుర్వేద మందులకు కూడా వర్తిస్తాయి. విడిగా శొంఠినో వామునో అమ్మడానికి ఏ లైసెన్సూ అక్కరలేదు, తయారైన ఆయుర్వేద మందును తెచ్చి అమ్మడానికీ అక్కరలేదు. వైద్యుడు తన దగ్గరకు వచ్చిన రోగికి తానే నూరి ఇచ్చుకోవడానికి కూడా మినహాయింపు ఉంది. కాని పదకొండు వస్తువులు కలిపి, మందుగా పేరు పెట్టి, పొట్లం కట్టి ఎవరికి పడితే వారికి అమ్మాలంటే తయారీ లైసెన్సు ఉండాలి. పొట్లం మీద దినుసుల పేర్లు, పరిమాణాలు, తయారు చేసినవారి చిరునామా, బ్యాచ్ నంబరు, తేదీలు, "ఆయుర్వేద ఔషధం" అన్న మాట ఉండాలి. వసనాభి, ముష్టి గింజ వంటి విష ద్రవ్యాలు కలిస్తే వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక కూడా ఉండాలి. రేపు ఏ అర్ధరాత్రో నొప్పి వచ్చి పిల్లను ఆసుపత్రికి తీసుకుపోతే, డాక్టరు మొదట అడిగేది ఏం మందులు వాడుతున్నారని. అప్పుడు నేను ఆవిడ చేతిలో బాలకృష్ణుడి బొమ్మ పెట్టాలి.

లోపల ఏమున్నాయో చెప్పమని అడిగాను. యజమాని మొదట "అన్నీ మంచివేనమ్మా" అన్నారు. నేను కదలకపోయేసరికి గల్లాపెట్టె కింద నుంచి అట్ట ఊడిన నోటుపుస్తకం తీసి చదివారు. ఇంతవరకు మెచ్చుకోవాలి, చాలామంది అది కూడా చేయరు. ధనియాలు, జీలకర్ర, సోంపు, శొంఠి, ఏలకులు, తామర గింజలు, ఎండు గులాబీ రేకులు, శతావరి, అతిమధురం, అశ్వగంధ. పది దగ్గర ఆగారు. పదకొండోది ఏమిటన్నాను. "సునాముఖి, విరేచనం సాఫీగా అవడానికి" అన్నారు. అన్నీ సమపాళ్ళట.

సమపాళ్ళంటే లెక్క వేయడం తేలిక. చెంచా ఐదు గ్రాములనుకుంటే రోజుకు పది గ్రాములు, అందులో పదకొండో వంతు, అంటే దాదాపు గ్రాము సునాముఖి. పెద్దవాళ్ళకు విరేచనం కోసం ఇచ్చే మోతాదే గ్రాము నుంచి రెండు గ్రాములు. మలబద్ధకం మరీ బాధిస్తుంటే కొద్ది రోజుల పాటు డాక్టర్లు కూడా దాని మాత్రలు రాయవచ్చు, అది వేరే విషయం. ఇక్కడ "మొదటి నెల నుంచి తొమ్మిదో నెల వరకు" అని రాసి, పేరు చెప్పకుండా, రోజూ విరేచనాల మందు పెడుతున్నారు. గర్భిణికి విరేచన చికిత్స వద్దన్న చరకుడి మాటకూ ఇది విరుద్ధమే. వాడినవారు "కడుపు తేలికగా ఉంది" అని మెచ్చుకోవడానికి కారణం కూడా ఇదేనని నా అనుమానం.

"సహజం కాబట్టి హాని లేదు" అన్న వాక్యం గురించి ఒక్క మాట. గన్నేరు పప్పు కూడా సహజమే. చీటీలో ఉన్న ఆముదాన్నే తీసుకుంటే, దానిలోని రిసినోలిక్ ఆమ్లం పేగులనూ గర్భాశయాన్నీ ఒకే రకమైన గ్రాహకాల ద్వారా ముడుచుకునేలా చేస్తుందని 2012లో తేలింది. నొప్పులు రావడానికి తొమ్మిదో నెలలో ఆముదం తాగించే ముసలమ్మలకు ఆ సంగతి ప్రయోగశాల లేకుండానే తెలుసు. పనిచేసే గుణం ఉన్న ప్రతిదానికీ పనిచేయకూడని సమయం ఒకటి ఉంటుంది. మందుల షాపులో కూర్చునే నాకు ఈ మాట అనే హక్కు ఉందా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, 1957లో మార్కెట్టులోకి వచ్చి వేవిళ్ళకు కూడా విరివిగా వాడిన థాలిడొమైడ్ 1961లో వెనక్కి తీసుకునే లోపు వేలాది మంది పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. అది వనమూలిక కాదు, కంపెనీ మాత్రే. ఆ దెబ్బతో గర్భిణులకు ఇచ్చే మాత్రల మీద ప్రశ్నలు అడగడం మా వృత్తి నేర్చుకుంది. పొట్లాల మీద కూడా అవే ప్రశ్నలు అడుగుతున్నాను.

అంగడి వెనక పొడి కొట్టే మిషన్ ఉంది. మన సరుకును అక్కడే పొడి చేయించుకోవచ్చని, దానికి అదనంగా డబ్బేమీ తీసుకోబోమని యజమాని గర్వంగా చూపించారు. మూత తీసి ఉంది. లోపలి అంచుల్లో ఆకుపచ్చని బూడిదలా ఏదో పాత పొడి పేరుకుని ఉంది, అదేమిటని అడిగితే "పొద్దున ఎవరిదో" అన్నారు. చెంబెడు నీళ్ళు లేవు, కుంచె లేదు. నా శొంఠిని కొమ్ములుగానే ఇవ్వమన్నాను, ఇంట్లో మిక్సీ ఉంది.

ఇంకో విషయం జరిగింది. యజమాని పిల్లకు రక్తం ఎంత ఉందని అడిగి, 10.4 అని చెప్పగానే, అద్దాల బీరువాలోంచి చిన్న సీసా తీసి "ఈ భస్మం నెల రోజులు వాడండి, పన్నెండుకు పోతుంది" అన్నారు. గర్భిణికి పదకొండు గ్రాములకు తగ్గితే రక్తహీనత కింద లెక్క, ఆయన అడిగిన ప్రశ్న సరైనదే. మందే సరైనది కాదు. బోస్టన్ నగరంలోని దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి హానికరమైన స్థాయిలో ఉందని 2004లో వెల్లడైంది. 2012లో న్యూయార్క్ ఆరోగ్య శాఖ ఆయుర్వేద మందుల వల్ల సీసం విషమెక్కిన ఆరుగురు గర్భిణుల వివరాలు బయటపెట్టింది. సీసం మాయను దాటి బిడ్డ మెదడుకు చేరుతుంది. తల్లి ఎముకల్లో దాక్కుని, గర్భంతో ఉన్నప్పుడు కాల్షియంతో పాటు మళ్ళీ రక్తంలోకి వస్తుంది. భస్మాలన్నీ ఇలాంటివేనని నేను అనడం లేదు. ఆ సీసా మీద పేరున్న కంపెనీ లేబులే ఉంది గాని, రక్తానికి ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) ఉచితంగా ఇస్తున్న మాత్ర ఇంట్లో ఉండగా, కౌంటరు మీద నుంచి లోహపు పొడి గర్భిణికి ఇవ్వడం ఏ శాస్త్రం ప్రకారమూ పద్ధతి కాదు.

పొట్లం తిరిగి ఇచ్చేశాను. డబ్బు వాపసు ఇచ్చేది లేదన్నారు, "అమ్మిన సరుకు తీసుకోము" అని గోడ మీద బోర్డు చూపించారు. నేనింకా పిన్ను కూడా తీయలేదని, ఐదు నిమిషాలు కూడా కాలేదని చెప్పాక బదులు సరుకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అలా 320 రూపాయలకు ధనియాలు, జీలకర్ర, ఏలకులు ఇంటికి వచ్చాయి. ఆ పొట్లంలో పనికొచ్చేవి అవే కదా అని మా వారు నవ్వారు.

రాత్రి వియ్యపురాలికి ఫోను చేసి జరిగింది చెప్పాను. "మా పెద్దకోడలు తొమ్మిది నెలలూ తాగింది వదినగారూ, మనవడు బంగారంలా ఉన్నాడు" అన్నారు. ఆవిడ మాటలో అబద్ధం లేదు. మామూలుగా నూటికి తొంభై ఏడు, తొంభై ఎనిమిది మంది బిడ్డలు పెద్ద లోపాలేవీ లేకుండా పుడతారు, ఏం తాగినా తాగకపోయినా. కాబట్టి ఒక ఇంట్లో ఒక మనవడు బాగున్నంత మాత్రాన పొడి మంచిదనీ రుజువు కాదు, చెడ్డదనీ రుజువు కాదు. ఈ లెక్క ఫోనులో చెప్పాలంటే ఎంతటి మెత్తటి గొంతు కావాలో వియ్యంకుల మధ్య మాట్లాడినవారికే తెలుస్తుంది. మా అమ్మాయి బొప్పాయి పండు తిన్నదని తెలిసి రెండు రోజులు నిద్రపోనిది కూడా ఆవిడే. పచ్చి బొప్పాయి పాలు ఎలుకల గర్భాశయాన్ని ముడుచుకునేలా చేస్తాయని, పండిన పండుతో అలాంటిదేమీ జరగలేదని 2002లోనే పరిశోధన వచ్చింది. పండు ముక్కకు అంత భయపడిన ఇంట్లోనే పేరు లేని పదకొండు మూలికలకు ఎవరూ జంకలేదు. "వేడి చేస్తుంది" అన్న మాట కొన్నిసార్లు మనల్ని కాపాడుతుంది, అంగడి పెద్దాయన కరక్కాయను ఆపింది అలాంటి ఎరుకతోనే. కాని పొట్లం మీద దేవుడి బొమ్మ ఉంటే ఆ మాట ఎవరి నోటా రాదు.

వంట దినుసుల కోసమైతే ఈ అంగడికి ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను, మళ్ళీ వెళ్తాను. కాన్పయ్యాక బాలింత కాయానికి కావలసిన పిప్పళ్ళు, మిరియాలు అక్కడే కొంటాను, దాన్ని కూడా పాలిచ్చే తల్లికి ఎంత పెట్టవచ్చో అడిగాకే. గర్భిణుల మందుల విషయంలో ఒక్క మార్కు, అది కూడా పెద్దాయనది. ఆయన ఎదురుగా లేని రోజు చీటీ ఇవ్వవద్దని మాత్రం చెప్పగలను. నోటుపుస్తకంలో ఉన్న పదకొండు పేర్లను అచ్చు వేయించి పొట్లంలో పెట్టమని, సునాముఖి, అశ్వగంధ తీసేయమని, ఇలా పొట్లాలు కట్టి అమ్మడానికి లైసెన్సు కావాలని యజమానికి చెప్పి వచ్చాను. చూద్దామన్నారు. తొమ్మిదో తేదీన గర్భిణులకు ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగే పరీక్షలకు వెళ్ళినప్పుడు ఆ పదకొండు పేర్లూ, చీటీలోని పది పేర్లూ డాక్టరమ్మకు చూపించాము. ఆవిడ అశ్వగంధ కింద రెండుసార్లు గీత గీశారు.

చీటీలో నేను చివరికి కొన్నవి నాలుగే: శొంఠి, వాము, మెంతులు, కుంకుమపువ్వు. చివరిది అర గ్రాము డబ్బీ. మొక్కజొన్న పీచుకు రంగు వేసి అమ్ముతారు కాబట్టి రెండు రేకులు గోరువెచ్చని నీళ్ళలో వేసి చూశాను. నీళ్ళు నెమ్మదిగా పసుపెక్కాయి, రేకులు ఎర్రగానే ఉన్నాయి. బిడ్డ రంగు తల్లిదండ్రుల జన్యువులను బట్టి వస్తుందే గాని పాలలో వేసిన పువ్వును బట్టి రాదు, గ్రాముల కొద్దీ మింగితే అది కూడా ప్రమాదమే. రెండు రేకులతో మాత్రం ఏమీ కాదు. ఆముదం, కరక్కాయ, మిగిలినవన్నీ వద్దన్నందుకు వియ్యపురాలు కాసేపు మౌనంగా ఉండి, "పోనీ కుంకుమపువ్వయినా వేస్తున్నారా వదినగారూ?" అని అడిగారు. రోజూ రాత్రి పాలలో రెండు రేకులు వేస్తున్నానని చెప్పాను.